కంది మెడకు ముళ్ల పట్టా

"ఎవరయ్యా ఈ కట్టు కట్టింది? వెదురు బద్దలు పెట్టి, పాత ధోతి చింపి! ఇది కుక్క కాలు అనుకున్నవా, పందిరి గుంజ అనుకున్నవా?"

పరశురాంతో హాసిని అన్న మొట్టమొదటి మాట ఇది. మనిషి అంత దూరం నుంచి వచ్చాడే, కాసిని మంచినీళ్లయినా ఇద్దామన్న జ్ఞానం కూడా లేకుండా అనేసింది.

అతను తడిసి ముద్దయి ఉన్నాడు. జూన్ నెల, తొలివాన. భుజం మీది నల్ల గొంగడిలోంచి తల మాత్రం బయటికి పెట్టి, కందిపప్పు రంగు కుక్క ఒకటి ఆమెనే చూస్తోంది. తాండూరు రోడ్డు మీద బండల లారీ ఏదో దాని వెనక కాలిని తొక్కేసి పోయింది. యాలాల్ నుంచి తాండూరుకు ఆటోలో, తాండూరు నుంచి వికారాబాదుకు బస్సులో, ఆ కుక్కను ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"నేనే కట్టిన మేడం," అన్నాడు నెమ్మదిగా. "గొర్రె కాలిరిగితే గిట్లనే కడ్తం. మీరు ఇప్పి మంచిగ కట్టుర్రి. గని జర మెల్లగ."

"బస్సుల ఎట్ల ఎక్కనిచ్చిండ్రు?"

"టికెట్ కొన్న." జేబులోంచి తడిసిన టికెట్లు రెండు తీశాడు. "ఆడ కుక్క గదా, ఆడోళ్లకు ఫ్రీ గదా, జీరో టికెట్ కొట్టమన్న. ఆధార్ కార్డు తెమ్మన్నడు కండక్టరు."

హాసినికి నవ్వొచ్చింది. నవ్వితే అలుసైపోతానని మొహం పక్కకు తిప్పుకుంది. ఆ పక్కన గోడకు అద్దం వేలాడుతోందన్న సంగతి మరిచిపోయింది. అతను మరిచిపోలేదు, అద్దంలోకే చూశాడు.

సాయంత్రం డాక్టరుగారు వచ్చి కట్టు విప్పి, ఎముకను తడిమి, "ఈ కట్టు ఎవడు కట్టిండో గని వాడి వల్లనే కాలు నిలిచింది," అన్నాడు. హాసిని పెన్ను కోసమన్నట్టు టేబుల్ కింద చాలాసేపు వెతికింది.

వికారాబాదులో అనంతగిరి గుట్టకు పోయే దారిలో, మామిడితోట పక్కన, జ్యోతిరాణి మేడం నడిపే కుక్కల షెల్టర్ అది. ఆమె రిటైరైన సైన్సు టీచరు. హాసినిది పూడూరు, రైతు కిష్టయ్య కూతురు, ఎమ్మెస్సీ చదివింది. రోడ్డున పడ్డ కుక్కలకు నయమయ్యాక, ఏ కుక్క ఏ ఇంట్లో ఇముడుతుందో చూసి అప్పజెప్పడం ఆమె పని. ఫారం నింపించాలి, ఇల్లు చూసి రావాలి, అవునో కాదో రాయాలి. ఒక్కమాటలో చెప్పాలంటే కుక్కలకు పెళ్లిళ్ల పేరమ్మ. ఊళ్లో వాళ్లందరికీ జోడీలు కుదిర్చే వాళ్లకు సొంత సంగతి వచ్చేసరికి కళ్లు కనిపించవంటారు. నిజమే కాబోలు.

మరుసటి బుధవారం పరశురాం మళ్లీ వచ్చాడు. ఆ పై బుధవారమూ వచ్చాడు.

"బుధవారం మా నాయిన తోలుకపోతడు గొర్లను. నాకు సెలవు," అని చెప్పాడు ఎవరూ అడక్కుండానే. డిగ్రీ చదివాడు. హైదరాబాదులో రెండేళ్లు పోటీ పరీక్షలకు కూర్చున్నాడు. నోటిఫికేషన్ కోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాక, మంద దగ్గరికే తిరిగొచ్చాడు. ఆ సంగతి సిగ్గుపడకుండా చెప్తాడు. అది ఆమెకు నచ్చింది.

"దీనికి పేరేం పెడ్దాం మేడం?"

"పేరు పెట్టినోళ్లు ఇంటికి తోలుకపోవాలె. అది మా రూలు."

"తోలుకపోత. దీని పేరు కంది."

"కుక్కకు పప్పు పేరా?"

"తాండూరు కంది అంటే దేశమంత పేరు మేడం. మీ పూడూరోళ్లకు ఎర్కలేదేమో."

"మా పూడూరోళ్లు వండుకుని తింటరు. పేర్లు పెట్టరు."

ఇలా ఉండేవి వాళ్ల మాటలు. పెద్ద మాటలేమీ కావు. ఒకసారి ఉన్నట్టుండి వాన విరుచుకుపడితే, కుక్కపిల్లల మీద కప్పిన టార్పాలిన్ గాలికి లేచిపోతోంటే, చెరో కొసా పట్టుకుని ఇద్దరూ అరగంట నిలబడ్డారు. రేకుల మీద వాన చప్పుడుకు మాట వినిపించదు. మాట్లాడటం కుదరక ఒకరినొకరు చూసుకోవాల్సి వచ్చింది. హాసిని కొస రెండుసార్లు వదిలేసింది.

వాన తెరిపిచ్చాక అడిగింది. "వారం వారం ఇంత దూరం ఎందుకొస్తరు మీరు? కందికి కాలు నయమైంది గదా."

అతను కంది చెవి వెనక గోకుతూ, "కంది కోసమే," అన్నాడు. మొహం మీది రాత మాత్రం ఇంకోలా ఉంది. అది చదవడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు.

ఆగస్టులో అతను ఫారం నింపి ఇచ్చాడు. జ్యోతిరాణి మేడం దాన్ని చూసి, హాసినిని చూసి, కళ్లజోడు సర్దుకుని, "ఇంటికి నువ్వే పోయిరా. నిర్ణయం నీదే. సంతకం కూడ నీదే," అంది.

ఇన్నాళ్లూ ఆఖరి సంతకం మేడందే, అంత పెద్ద మాట ఇదే మొదటిసారి. హాసినికి సంతోషంతో పాటు భయం పట్టుకుంది. అతనంటే తనకు ఇష్టమని ఆమెకు తెలుసు. ఆ తెలియడమే కొంప ముంచింది. 'ఇష్టమైనవాడని కుక్కనిచ్చేసింది' అని రేపు ఎవరైనా అంటే? ఎవరో అనడం కాదు, తనకు తనే అనుకుంటే? తక్కెడ అటు ఒరగకుండా ఉండాలని, ఇంట్లోంచి బయల్దేరకముందే ఇటు ఒరగబెట్టి కూర్చుంది.

యాలాల్ పొలిమేరలో ఉంది ఆ ఇల్లు. చుట్టూ మోకాలెత్తున పాతిన తాండూరు బండలు తప్ప గోడ లేదు, గేటు లేదు. పక్కన కంప కట్టిన గొర్ల దొడ్డి. దొడ్డి వాకిట్లో తెల్లమచ్చల ముసలి కుక్క ఒకటి పడుకుని ఉంది. హాసినిని చూసి లేచి, తోక ఊపి, వాసన చూసి, అరచేయి నాకింది.

"దాని పేరు మోతీ," అన్నాడు పరశురాం గర్వంగా. "మా ఇంట్ల పదకొండేండ్ల నుంచున్నది."

హాసినికి ఆ మాట చెవికెక్కలేదు. మోతీ మెడ చుట్టూ మందపాటి తోలు పట్టా ఉంది. ఆ పట్టా నిండా బొటనవేలంత పొడుగు ఇనుప మేకులు. ఆమె నిమరబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పరశురాం తల్లి హన్మమ్మ చాయ్ ఇచ్చింది, సర్వపిండి పెట్టింది. తర్వాత లోపలికి పోయి పళ్లెంలో ఒక కొత్త పట్టా తెచ్చింది. అలాంటిదే. నిగనిగలాడే మేకులు, తోలుకు పసుపు బొట్లు. నవ్వుతూ హాసిని ముందు పెట్టింది.

"తాండూరు నర్సప్పతోని చేపిచ్చినం, కంది కోసమే. నువ్వే పట్టు బిడ్డా."

హాసిని రెండు చేతులూ వెనక్కి లాక్కుంది. "వద్దమ్మా! చూడనీకే భయమైతున్నది."

హన్మమ్మ మొహంలో నవ్వు ఆగిపోయింది. పరశురాం తొట్టిలో నీళ్లున్నాయో లేవో చూడటానికి లేచి వెళ్లాడు. ఈ రెండూ హాసిని గమనించలేదు. ఆమె గమనించింది మేకులను, లేని గోడను.

'ఇదేంది?' అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఒక్క మాట! అడగలేదు. అడిగితే అతను ఏదో ఒకటి చెప్తాడని, చెప్తే తను నమ్మేస్తుందని భయపడింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"మేడం, కంది కోసం ఎప్పుడు రావాలె? గొంగడి ఉతికి ఆరేసిన."

"పరశురాం గారూ... మీ అప్లికేషన్ రిజెక్ట్ అయింది."

ఫోన్‌లో ఎక్కడో గొర్రె అరుస్తోంది.

"ఎవరు చేసిండ్రు మేడం?"

"నేనే."

"ఎందుకో జర చెప్తరా?"

ఆమె ఫారంలో రాసింది రాసినట్టు చదివింది. "ఒకటి, ఇంటికి కాంపౌండ్ వాల్ లేదు. రెండు, కుక్కల మెడకు ముళ్ల పట్టా కడ్తున్నరు. అది హింస."

"హింసనా?" అన్నాడు అతను. కోపంగా కాదు, కొత్త మాట నేర్చుకుంటున్నవాడిలా అన్నాడు. "సరే మేడం. దినాం కుక్కలతోనే ఉంటరు మీరు. మాకంటె మీకే ఎక్కువ ఎర్కుంటది."

ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకుంది.

ఆ బుధవారం అతను రాలేదు. తర్వాతి బుధవారాలూ రాలేదు. బస్సుల టైముకు కంది గేటు దగ్గరికి పోయి కూర్చునేది. హాసిని కూడా ఏదో పనున్నట్టు అటే తిరిగేది. పనేం లేదు.

కందికి ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వికారాబాదులో కొత్తగా కట్టిన ఇళ్ల వరసలో ప్రణయ్, రచన అని భార్యాభర్తలు. ఇంట్లోంచే ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఆరడుగుల గోడ, తాళం పడే గేటు. కుక్కకు మెత్తటి పరుపు ముందే కొని పెట్టారు. ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ పోలేదు. హాసిని సంతకం పెట్టింది. అప్పగించేటప్పుడు కంది వెనక్కి తిరిగి ఆమెను కాదు, రోడ్డును చూసింది.

నవంబరులో రచన ఫోన్ చేసింది. ఫోన్ చేసిన గంటకే దంపతులిద్దరూ కందితో సహా దిగారు. రచన కళ్లు వాచి ఉన్నాయి.

"మేం మంచిగనే చూసుకున్నం మేడం, ఒట్టు!" అంది. "గని పరుపు మీద పండుకోదు. పిల్లలు ఆడుకుంటుంటే చుట్టూ తిరిగి ఒక మూలకు తోలుతది. మొన్న మా చిన్నోడి బర్త్‌డేకు పన్నెండు మంది పిల్లలొచ్చిండ్రు. పన్నెండు మందినీ కార్ షెడ్డులకు తోలి అడ్డంగ నిలబడ్డది. కేక్ కోయనీకి ఎవర్నీ బయటికి రానియ్యలే!"

ప్రణయ్ నవ్వబోయి నవ్వలేకపోయాడు. "నవ్వులాటకు బాగనే ఉంటది గని, గేటు ముందల నుంచి మేకలు పోతే చాలు, గోడకు ఎగురుతది. మూడు దినాలైంది మేడం, అన్నం ముడ్తలేదు. మా ఇంట్ల దానికి ఏం తక్కువైందో మాకు సమజైతలేదు."

వాళ్లు పోయాక కంది పక్కటెముకలను హాసిని చేత్తో తడిమింది. లెక్కపెట్టొచ్చు.

జ్యోతిరాణి మేడం చాలాసేపు కందినే చూసింది. "ఇది మందకాడి కుక్క పిల్లా. దీనికి కావాల్సింది పరుపు కాదు, పని. గొర్లున్నోళ్లు ఎవరూ అడగలేదా దీన్ని?"

హాసిని సొరుగులోంచి పాత ఫారం తీసి ఇచ్చింది. మేడం చదివింది. రెండో కారణం దగ్గర ఆగింది. కళ్లజోడు తీసింది.

"ముళ్లు లోపలికున్నయా, బయటికున్నయా?"

"ఏంటి మేడం?"

"పట్టాకు మేకులు ఎటు దిక్కున్నయి? కుక్క మెడ దిక్కా, బయటి దిక్కా?"

హాసిని కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంది. అరచేయి నాకిన మోతీ, మెడ చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన మేకులు, పళ్లెంలో నిగనిగలాడిన మేకులు.

"బయటికి," అంది.

"మరి అవి గుచ్చుకునేది ఎవరికి?"

సైన్సు టీచరు అడిగిన ప్రశ్న. చిన్నపిల్లకు కూడా జవాబు తెలిసే ప్రశ్న. హాసినికి సిగ్గుతో చెవులు మండిపోయాయి. మందకాడ కుక్క మెడను ఏది పట్టుకోవడానికి వస్తుందో, ఆ మేకులు ఎవరి నోటికోసమో, అప్పుడు తట్టింది.

అతనికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. మూడోసారి చేసే మొహం లేక ఊరుకుంది.

బుధవారం పొద్దున కందిని తీసుకుని బస్సెక్కింది. కండక్టరు ఈసారి ఆడమనిషి. హాసినికి జీరో టికెట్ కొట్టి, కందిని చూసి, "దీని ఆధార్ ఏదమ్మా?" అంది. బస్సంతా నవ్వింది. హాసిని కూడా నవ్వబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. కందికి లగేజీ టికెట్ కొంది.

తాండూరులో జంగప్ప అనే ఆయన ఆటో దొరికింది. దారికి రెండు వైపులా కంది చేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. ఆటో యాలాల్ దాటేసరికి కంది ముందుకాళ్లు ఎత్తి బయటికి చూస్తూ సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. "దీనికి తొవ్వ ఎర్కున్నట్టున్నది," అన్నాడు జంగప్ప.

హన్మమ్మ వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. హాసినిని చూసి లేవలేదు. పొమ్మనలేదు, రమ్మనలేదు. చాట పక్కకు జరిపి చోటిచ్చింది. దొడ్డి ఖాళీగా ఉంది. దొడ్డి వాకిలి కూడా ఖాళీగా ఉంది.

"మోతీ ఏదమ్మా? మందతోని పోయిందా?"

హన్మమ్మ గడ్డంతో దొడ్డి వెనక్కి చూపించింది. అక్కడ మట్టిలో చిన్న తాండూరు బండ ఒకటి నిలువుగా పాతి ఉంది. దానికి పసుపు రాసి ఉంది.

"దాని కింద పండుకున్నది."

హాసిని చేతిలోని తాడు జారిపోయింది. "ఏమైంది?"

"తోడేండ్లు. దసరా పోయిన మూడో నాడు, పొద్దుగాల మందను ఇడుస్తుంటే రెండొచ్చినయి. మోతీ అడ్డం పోయింది. మెడ దొరికింది వాటికి." అనపకాయ చిట్లించి గింజలు చాటలో వేసింది. "తోడేలు పట్టేది మెడనే బిడ్డా. ముండ్ల పట్టా ఉంటే దాని నోరే చీరుకపోతది, ఇడిసిపెట్టి పోతది. పదకొండేండ్లు గట్లనే బతికింది మోతీ."

"పట్టా... పట్టా ఎందుకు లేదు?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా అడిగింది. కాదన్న మాట వినిపిస్తుందేమోనని ఆశ.

"నువ్వు ఫోన్ల ఏమన్నవో నాకెర్కలేదు. గా దినమే పరశు దాని పట్టా ఇప్పి దండేనికి తగిలిచ్చిండు. 'ఇది హింస అంట అవ్వా' అన్నడు. వాళ్ల నాయిన మస్తు లొల్లి చేసిండు. 'తాతల కాలం నుంచి కడ్తున్నం, నీకేం పుట్టిందిరా' అని. వినలే. 'ఆమె సదువుకున్నది, ఉట్టిగ అనదు' అన్నడు."

హాసినికి ఏడుపు రాలేదు. ఏడిస్తే తన మీద తనకు జాలి కలుగుతుంది, అంత జాలికి కూడా తాను తగనని అనిపించింది. నా అరచేయి నాకింది కదా, నన్ను చూసి తోక ఊపింది కదా అన్న ఒక్కటే మాట లోపల తిరిగింది.

"ఇంకొకటి చెప్త విను," అంది హన్మమ్మ. "గా దినం పళ్లెం తెస్తే చేతులు ఇగ్గుకుంటివి. మా ఇంట్ల ఒక ఆనవాయితీ ఉన్నది. కొత్త కుక్కకు మొదటి పట్టా ఇంటి ఆడదే కట్టాలె. మోతీకి నేను కట్టిన, కొత్త కోడలిగ ఉన్నప్పుడు మా అత్త కుక్కకూ నేనే కట్టిన. కందికి నువ్వు కట్టాలని పరశు ఆశపడ్డడు. నోరిడిసి నీకు చెప్పనీకె సిగ్గు. అందుకే పసుపు పెట్టి నేను పట్టుకొచ్చిన."

హాసినికి ఆ పళ్లెం, ఆ నవ్వు, ఆగిపోయిన ఆ నవ్వు, నీళ్లతొట్టి దగ్గరికి లేచిపోయిన మనిషి వీపు, అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. ఒక ఇల్లు తనను అడిగింది. తను ఆ ఇంటికి గోడ లేదని రాసి వచ్చింది.

అంతలో కంది చెవులు నిక్కబొడుచుకుంది. దూరంగా గొర్రెల మెడల గంటలు. ఒక్క గెంతు గెంతి, కుంటుతూనే, పసుపు పూల చేను గట్టు వెంబడి దూసుకుపోయింది. గట్టు అవతల పరశురాం చేతికర్ర కింద పడేసి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కంది అతని మొహమంతా నాకింది. అతను దాని పక్కటెముకలు తడిమి, తలెత్తి, అప్పుడు హాసినిని చూశాడు.

మంద దొడ్డిలోకి చేరాక అన్నాడు. "ఎందుకొచ్చిండ్రు మేడం? కాంపౌండ్ వాల్ ఇంక కట్టలే."

"ముళ్లు బయటికున్నయి," అంది హాసిని. "నేను చూడలే. అడగలే."

"అడిగితే చెప్తుంటి."

"నువ్వు చెప్పొచ్చు గదా! నీకేం ఎర్కని మాట్లాడ్తున్నవ్ అని ఫోన్ల గట్టిగ తిట్టొచ్చు గదా! వచ్చిన తొలిదినం నేను నిన్ను తిట్టలేదా?"

అతను బండ వైపు చూశాడు. "తిడితే బాగుండు. మోతీ బతికుంటుండె. నువ్వు చెప్పింది తప్పు కావచ్చని నాకు సోయి లేకపాయె. తాతల కాలం మాటను పక్కకు పెట్టి నీ మాట పట్టుకున్న. నువ్వు చేసింది ఒక తప్పు, నేను చేసింది ఇంకొకటి. మధ్యల అది పోయింది."

అతను 'మీరు' నుంచి 'నువ్వు'లోకి వచ్చాడు. ఇన్నాళ్లూ ఆమె ఆ పిలుపు కోసం ఎదురుచూసింది. ఇలా వస్తుందనుకోలేదు.

"నువ్వంటే నాకు ఇష్టం," అంది హాసిని. "వాన పడ్డ దినం నుంచి. ఆ ఇష్టాన్ని చూసే భయపడ్డ. ఇష్టమైనోడికి ఇచ్చిందంటరని ఎక్కువ కఠినంగ రాసిన."

"ఇష్టం లేకపోతే ఇస్తుంటివా?"

ఆమె అబద్ధం చెప్పలేదు. "లేకపోతే... ఇదేందని అడుగుతుంటి."

అతను తల ఆడించాడు. ఆమె సంచిలోంచి కొత్త ఫారం తీసింది. కాంపౌండ్ వాల్ అన్న వరస మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టి ఉంది. కింద ఆమె సంతకం ఉంది. అతను మోకాలి మీద పెట్టుకుని తన సంతకం చేశాడు. కంది ఇద్దరి చుట్టూ తిరుగుతూ వాళ్లను దొడ్డి వైపు తోలడానికి చూస్తోంది.

హన్మమ్మ లోపలి నుంచి పళ్లెం తెచ్చింది. అదే పట్టా. పాత పసుపు ఎండి రాలిపోతే మళ్లీ కొత్తగా పెట్టింది. పళ్లెం హాసిని ముందుకు చాపింది.

"అవ్వా, నువ్వే కట్టు," అన్నాడు పరశురాం. "ఇప్పుడే ఇవన్నీ వద్దు. నా కడుపుల మంట ఇంక సల్లారలే."

"మీ కోపాలు మీరు తీరుబాటుగ చూసుకోర్రి," అంది హన్మమ్మ. "నీ మంట సల్లారేదాక తోడేలు ఆగుతదారా? మోతీ మీద నాకు లేదా దుఃఖం? కట్టు బిడ్డా."

ఈసారి హాసిని చేతులు వెనక్కి పోలేదు. కంది ముందు కూర్చుని పట్టా మెడ చుట్టూ తిప్పింది. కంది బక్కచిక్కి ఉంది, చివరి రంధ్రం దాకా లాగాల్సి వచ్చింది. ఒక మేకు ఆమె వేలిని గీరింది. రక్తం పసుపులో కలిసింది.

కంది ఒకసారి ఒళ్లు విదిలించుకుంది. నేరుగా దొడ్డి వెనక్కి పోయి ఆ బండను వాసన చూసింది. తిరిగొచ్చి, దొడ్డి వాకిట్లో మోతీ పడుకునే చోట పడుకుంది. హాసినికి అప్పుడొచ్చింది ఏడుపు. ఆపుకోలేదు. పరశురాం దగ్గరికి రాలేదు, అలాగని పక్కకూ పోలేదు. కాసేపటికి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

చాయ్‌కొట్టు దగ్గర ఆగిన ఆటో దాకా ఆమెతో నడిచాడు.

"మోతీ పోయినప్పటి నుంచి బుధవారాలు నాకు సెలవు లేదు," అన్నాడు. "ఇప్పుడు కంది కొత్తది, నాయినకు అలవాటు గావాలె. వికారాబాద్ రాలేను."

"నేను వస్త."

"ఎన్ని దినాలొస్తవ్?"

"నీ కోపం పోయేదాక."

అతను కంది చేను వైపు చూశాడు. "పోకపోతే?"

ఆమె ఏదో అనబోతే అతనే చెప్పాడు. "పోకపోతే వస్తనే ఉండు."

అతను నవ్వలేదు. కానీ ఆటో కదిలేటప్పుడు, చాయ్‌కొట్టు జనం చూస్తున్నా సరే, చెయ్యి ఎత్తాడు.

తిరుగు బస్సులో పొద్దుటి కండక్టరమ్మే ఉంది. హాసినిని గుర్తుపట్టి, ఒడి ఖాళీగా ఉండటం చూసి, "నీ దోస్తు ఏదమ్మా?" అంది.

"ఇంటికాడ దిగింది," అంది హాసిని.

కండక్టరమ్మ జీరో టికెట్ చింపి ఇచ్చింది. హాసిని పసుపు అంటిన వేళ్లతో దాన్ని తీసుకుంది. బయట సన్నగా తుంపర మొదలైంది. మోతీని నిమరనన్నా నిమరలేదు ఆ రోజు, మేకులు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. బస్సు వికారాబాదు చేరేదాకా ఆ ఒక్క సంగతే తలుచుకుంటూ కూర్చుంది.